పిడి చుట్టిన చేయి

కూతురు ఝాన్సీ ఆడే టెన్నిస్‌లో బాపయ్యకు చేతనైన పని ఒక్కటే, బ్యాటు పిడికి టేపు చుట్టడం.

మిగతాదేదీ అతనికి బోధపడలేదు. పదిహేను, ముప్పై అయ్యాక నలభై ఐదు రాకుండా నలభై ఎందుకొస్తుందో అతను ఏనాడూ అడగలేదు కూడా. పెదకాకానికి అవతల మిరప, పత్తి వేసుకునే రైతు. పార కర్రకీ, గొడ్డలి పిడికీ గుడ్డపీలికలు చుట్టి అలవాటైన చేతులు. గుంటూరు స్టేడియంలో ఆట మొదలుపెట్టిన కొత్తలో పిల్ల అరచేతులు బొబ్బలెక్కి ఇంటికొస్తే, బ్యాటు పిడి ఊడదీసి మళ్లీ చుట్టింది అతనే. కింది నుంచి పైకి, ఒక చుట్టు మీదికి ఇంకో చుట్టు సగం ఎక్కేలా, ఎక్కడా ముడత లేకుండా చుట్టాడు. ఆ తర్వాత ఝాన్సీ ఇంకొకరి చేత చుట్టించుకోలేదు. కోచ్ రామకాంత్ గారు చుట్టిస్తే విప్పేసి ఇంటికి తెచ్చేది.

పిల్లని ఆటలో పెట్టింది మాత్రం బాపయ్య కాదు, అతని భార్య సుబ్బరావమ్మ. బడిలో డ్రిల్లు మాస్టారు ఈ పిల్ల చెయ్యి గట్టిదమ్మా అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె రోజూ తెల్లారే బస్సులో గుంటూరు తీసుకెళ్లి, పిల్ల ఆడినంతసేపూ మెట్ల మీద కూర్చుని, బడి వేళకి తిరిగి తీసుకొచ్చేది. ఊరు నవ్వింది. పక్క చేను కోటేష్ టీ కొట్టు దగ్గర అందరూ వింటుండగా అడిగాడు.

"ఏరా బాపయ్యా, ఆ ఆటలో సున్నాని లవ్ అంటారంటగా. ఆడపిల్లకి నేర్పాల్సిన మాటేనంట్రా అది?"

"మీవాడికి పదో తరగతి లెక్కల్లో వచ్చింది కూడా అదేగా" అన్నాడు బాపయ్య.

కోటేష్ మళ్లీ ఆ ఊసెత్తలేదు. బాపయ్యా కోటేష్‌తో చాలాకాలం మాట్లాడలేదు. మాట పడితే మరిచిపోయే మనిషి కాదతను.

మిరప కోతల రోజుల్లో సుబ్బరావమ్మ ఇంట్లో ఒక కట్టడి పెట్టింది. కళ్లంలోంచి వచ్చిన మనిషి ముందు చేతులకి నూనె పట్టించాలి, శనగపిండితో రుద్దాలి, మజ్జిగతో కడగాలి. ఆ తర్వాతే పిల్ల సామాను ముట్టుకోవాలి. మిరపకాయ మంట నీళ్లకి లొంగదని ఆమెకి పిల్ల పాలు తాగే రోజుల్లోనే తెలిసొచ్చింది. బాపయ్య గొణుక్కుంటూనే చేసేవాడు. గుమ్మంలో ఆమె నూనె గిన్నె పట్టుకుని నిలబడితే చెయ్యక తప్పేది కాదు.

రెండువేల రెండు ఎండల్లో ఆమె పోయింది. ఊళ్లో సూదిమందు వేసేవాడు మామూలు జ్వరమేనని వారంపాటు సూదులు పొడిచాడు. గుంటూరు ఆసుపత్రికి చేరేసరికి మాట పడిపోయింది. ఝాన్సీ అప్పుడు మద్రాసులో ఆడుతోంది. కబురు తెలిసి వచ్చింది, దినం దాకా ఉంది, ఆ మర్నాడే సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. సూదిమందు వేసినవాణ్ని బాపయ్య క్షమించలేదు. ఆ మర్నాటి ప్రయాణాన్నీ క్షమించలేదు. కాకపోతే కూతురితో ఆ మాట అనలేదు. అనకుండానే బ్యాట్లు చుట్టి ఇస్తూ వచ్చాడు.

తల్లి పోయాక ఝాన్సీ ఆటలో కోపం చేరింది. చిన్న చిన్న పోటీలు గెలిచింది. తాష్కెంట్ వెళ్లింది, బ్యాంకాక్ వెళ్లింది. పేపర్లో ఫోటో వేశారు. రెండువేల నాలుగు ఏప్రిల్లో పూనాలో ఫైనల్ దాకా ఆడి, ప్రపంచం మొత్తం మీద ఐదొందల లోపలి వరుసలోకి వచ్చింది.

అయితే ఈ ఆటలో గెలిచినదేదీ నిలవదు. ఒక పోటీలో తెచ్చుకున్న పాయింట్లు ఏడాది తిరిగి అదే వారం వచ్చేసరికి రాలిపోతాయి. మళ్లీ అంత గెలిస్తేనే ఉన్నచోట ఉంటారు. రామకాంత్ గారు ఈ సంగతి చెప్పినప్పుడు బాపయ్యకు ఇట్టే అర్థమైంది. పోయినేడు ఎన్ని బస్తాలు పండితే ఏంటి, ఈ ఏటికి మళ్లీ నారు పోసుకోవాల్సిందే.

రెండువేల ఐదు ఏప్రిల్లో వచ్చింది ఆ రాలిపోయే వారం. మధ్యలో మోకాలి నొప్పితో ఝాన్సీ నెలల తరబడి ఆడలేదు. పూనా పాయింట్లు తప్ప చేతిలో ఇంకేమీ లేవు. మళ్లీ ఫైనల్‌కి వస్తే వేసవిలో విదేశాల్లో జరిగే పెద్ద పోటీలకి పేరు తీసుకుంటారు. రాకపోతే తీసుకోరు. ఇరవై రెండు నిండాయి. ఇప్పుడు జారితే మళ్లీ ఎక్కడం కల్ల అని రామకాంత్ గారు మొహమాటం లేకుండా చెప్పేశారు.

ఝాన్సీ పూనా నుంచి ఫోన్ చేసింది. రెండు మ్యాచ్‌లు గెలిచానంది. గుంటూరులో అల్లిక విప్పి కొత్త నరాలు బిగించమని ఇచ్చిన రెండు బ్యాట్లు తీసుకుని రమ్మంది.

"టేపు నువ్వే చుట్టు నాన్నా. ఇక్కడివాళ్లది జారిపోతంది."

బాపయ్య బయల్దేరే రోజు మబ్బు పట్టింది. కళ్లం నిండా కాయ ఎండుతోంది. కూలీలు రాలేదు. వాన పడితే కాయ నల్లబడి తాలుకి, పనికిరాని సరుకు కిందికి పోతుంది. పొద్దుటి నుంచీ ఒక్కడే కాయ పోగుచేసి, గోతాల్లోకి ఎత్తి, కాళ్లతో తొక్కి, మూతులు కుట్టాడు. సాయంత్రం బోరు దగ్గర సబ్బుతో చేతులు శుభ్రంగా కడుక్కున్నాడు. ముక్కు దగ్గర పెట్టి చూసుకున్నాడు, సబ్బు వాసనే వచ్చింది. ముప్పై ఏళ్లుగా మిరపలో బతికే మనిషి ముక్కుకి ఘాటేం తెలుస్తుంది, చేతికేం తెలుస్తుంది? అరుగు మీద కూర్చుని రెండు బ్యాట్లకీ తెల్లటి కొత్త టేపు చుట్టాడు. వేలికి అంటుకునే రకం టేపు. ప్రతి చుట్టునీ బొటనవేలితో అదిమి, అరచేత్తో రాసి నున్నగా చేశాడు. ఇంతకంటే బాగా ఎప్పుడూ చుట్టలేదనిపించింది. రైలెక్కాడు.

సెమీఫైనల్ నాటికి పూనా చేరాడు. థాయ్‌లాండ్ పిల్లతో ఆట. మిట్టమధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండ. ఝాన్సీ పాత బ్యాటుతోనే మొదలుపెట్టి మొదటి సెట్టు గెలిచింది. రెండో సెట్టులో నాలుగు గేములు గెలిచి ఒకటి ఇచ్చింది. ఇంకో రెండు గేములు గెలిస్తే ఫైనల్. పక్కన కూర్చున్న రామకాంత్ గారు మోకాళ్ల మీద చేతులు వేసుకుని ముందుకి ఒంగారు.

అప్పుడు బ్యాటు నరం తెగింది. ఝాన్సీ సంచిలోంచి కొత్తది తీసింది.

ఆ గేము గెలిచింది. తర్వాతి గేములో నుదుటి చెమట చేత్తో తుడుచుకుంది. కన్ను నలుపుకుంది. మళ్లీ నలుపుకుంది. ఎదుటి పిల్ల కొట్టిన బంతి పక్క నుంచి వెళ్తుంటే ఝాన్సీ కదల్లేదు. బంతి కనిపించలేదు ఆమెకి.

ఆట ఆపించింది. ఫిజియో వచ్చి కళ్లలో నీళ్లు కొట్టింది. నీళ్లతో మంట మొహమంతా పాకింది. రెండో బ్యాటు తీసుకుంది. అదీ అంతే. రుమాలు, మణికట్టు పట్టీ, ఏది కంటికి తగిలినా మంటే. కళ్లు ఎర్రగా ఉబ్బి సన్నగా గీతల్లా అయ్యాయి. ఎండ పడదేమో, ఏదైనా అలర్జీ ఏమో అన్నారు రామకాంత్ గారు.

గేముకీ గేముకీ మధ్య కుర్చీలో కూర్చుని ఝాన్సీ అరచేయి ముక్కు దగ్గరికి తీసుకుంది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత తల తిప్పి, సరిగ్గా తెరుచుకోని కళ్లతో జనంలో తండ్రి ఉన్న వైపు చూసింది. బాపయ్య చేతులు చంకల్లోకి దూర్చుకున్నాడు.

ఝాన్సీ ఆట వదిలెయ్యలేదు. వదిలేస్తే బాగుండేది. గుడ్డిదానిలా బంతి చప్పుడుకి బ్యాటు ఊపుతూ, ఒక్కొక్క గేమే పోగొట్టుకుంటూ, చివరిదాకా ఆడి ఓడిపోయింది.

బట్టలు మార్చుకునే గదుల ముందు వసారాలో బాపయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఝాన్సీ మొహానికి తడి తువ్వాలు అదుముకుంటూ వచ్చింది. రామకాంత్ గారు దూరంగా ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు.

"ఏ చేత్తో చుట్టావు నాన్నా?"

"కడుక్కున్నాను."

"నీళ్లతోనా?"

"సబ్బుతో."

ఆమె తువ్వాలు తీసింది. "అమ్మ నూనె గిన్నె పట్టుకుని నిలబడేది నీకు పని లేకనా?"

కాయ తడిసిపోయేదని, కూలీలు రాలేదని, రైలుకి వేళయిందని చెప్పడానికి బాపయ్యకు నోట్లోకి చాలా మాటలొచ్చాయి. పైకి వచ్చింది వేరే మాట.

"దినమైన మర్నాడే పోయినదానివి, నువ్వా మీ అమ్మ సంగతి నాకు చెప్పేది?"

మూడేళ్లుగా దాచుకున్న మాట అది. ఝాన్సీ ఏడ్చిందో మంటకి కారాయో తెలియదు గానీ కళ్ల వెంట నీళ్లు ఆగకుండా కారాయి.

"ఇక నువ్వు నాతో రావొద్దు" అంది.

పాయింట్లు రాలిపోయాయి. వరుసలో ఆమె పేరు ఎక్కడికి జారిందంటే, పెద్ద పోటీలు సరేసరి, చిన్నవాటిల్లో అర్హత మ్యాచ్‌లకి కూడా పిలవలేదు. రామకాంత్ గారికి వేరే పిల్లలు దొరికారు. ఆయన ఫోన్లు తగ్గాయి. ఝాన్సీ గుంటూరులో ఒక గదిలో ఉంటూ గోడకేసి బంతులు కొట్టుకుంది. ఇంటికి రాలేదు. మే నెలాఖరున ఢిల్లీలో చిన్న పోటీ ఉందని, తీసుకున్నవాళ్లలో ఎవరైనా తప్పుకుంటే ఆ చోటు ఇస్తారని, అందుకోసం అక్కడికే వెళ్లి కాచుకుని ఉండాలని బాపయ్యకు కోటేష్ కూతురు భవ్య ద్వారా తెలిసింది. ఝాన్సీ వెళ్తోందట.

రావొద్దన్నా వెళ్లాడు. అదే రైల్లో వేరే పెట్టె ఎక్కాడు. ఢిల్లీ స్టేషన్లో ఆమె చూసింది, పొమ్మనలేదు, పలకరించనూ లేదు.

పొద్దున్నే మైదానం పక్క బెంచీ మీద ఝాన్సీ కాలికి బూట్లు బిగించుకుని కూర్చుంది. బాపయ్య కాస్త ఎడంగా నేల మీద కూర్చున్నాడు. ఆడపిల్లలు ఒక్కొక్కరే తల్లిదండ్రులతో వస్తున్నారు. నవ్వుకుంటూ వస్తున్నారు. బాపయ్య వాళ్ల మొహాలు చూడలేదు. మోకాళ్లు చూశాడు, చీలమండలు చూశాడు. ఎవరైనా తుమ్మితే జలుబేమోనని ఆశపడ్డాడు. పరాయివాళ్ల బిడ్డకి దెబ్బ తగలాలని కోరుకునే రోజు తనకి వస్తుందని అతను అనుకోలేదు. కోరుకున్నాడు. కులదేవతకి మొక్కి మరీ కోరుకున్నాడు.

ఒక పిల్ల చీలమండకి పట్టీ వేసుకుని వచ్చింది. పదహారేళ్లుంటాయి. తండ్రి గొడుగు పట్టాడు. ఆ పిల్ల కాసేపు పరిగెత్తి చూసింది, ఆగింది, మళ్లీ పరిగెత్తింది. తర్వాత గీత మీదే కూలబడి పాదం పట్టుకుని ఏడ్చింది. తండ్రి గొడుగు పడేసి పరిగెత్తాడు. నిర్వాహకుడు వచ్చి వాళ్లతో మాట్లాడి, ఇటు తిరిగి ఝాన్సీ పేరు పిలిచాడు.

బాపయ్య గుండెలో ఆనందం పొంగింది. దాన్ని ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

ఝాన్సీ సంచి తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ పిల్ల తండ్రి బాపయ్య దగ్గరికి వచ్చి, పక్కనున్న ఐసు నీళ్ల సీసా చూపించి, పిల్ల కాలు చూపించి, తన భాషలో ఏదో బతిమాలాడు. బాపయ్య సీసాని ఒళ్లోకి లాక్కుని అడ్డంగా తల ఊపాడు. ఆ నీళ్లు ఝాన్సీకి కావాలి. ఆ తండ్రి వెనక్కి వెళ్లిపోయాడు.

కోర్టులో ఝాన్సీ బంతిని రెండుసార్లు నేలకి కొట్టి పైకి ఎగరేసింది. మొదటి సర్వీసు నెట్టుకి తగిలింది. రెండో బంతి అందుకుంటూ తండ్రి కూర్చున్న వైపు చూడలేదు.