ఏకగ్రీవం

"చెల్లెమ్మా, ఆ టీ సంగతి కాస్త చూద్దూ."

కౌన్సిల్ సభలో మా చైర్మన్‌గారు నాతో ఎక్కువసార్లు అన్న మాట ఇదే. నేను మూడో వార్డు మెంబరునై నాలుగేళ్ళు దాటింది. అంతమంది మగవాళ్ళ మధ్య నేనొక్కదాన్నే ఆడదాన్ని కాబట్టి, పక్క గదిలోని స్టవ్వు కూడా నా వార్డు కిందికే వస్తుందని అందరూ అనుకున్నారు. మొదటిసారి ప్యూను సెలవులో ఉన్నాడని లేచాను. ఆ తరవాత ప్యూను వచ్చినా నేనే లేచాను. "నీ చేతి టీ తాగాక ఇంకొకరిది గొంతు దిగదమ్మా" అన్నారు చైర్మన్‌గారు. ఆ మాటకి పొంగిపోయాను కూడా. ఇంట్లో ఇన్నేళ్ళుగా పెడుతున్న టీ బాగుందని ఎవరూ ఒక్క మాటైనా అనలేదు మరి.

నన్ను ఎన్నికల్లో నిలబెట్టింది మావారే. "నువ్వు నిలబడు చాలు, మిగతాదంతా నేను చూసుకుంటాను" అన్నారు. ఆ మిగతాది ఏమిటో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. తెల్లవారకముందే గుమ్మంలో నిలబడి మురుగు పొంగిందనీ, వీధి దీపం వెలగడం లేదనీ చెప్పేవాళ్ళకి గరిటె పట్టుకునే జవాబు చెప్పేది నేను. వాళ్ళ పనుల మీద ఆఫీసుల చుట్టూ తిరిగేది నేను. తిరిగొచ్చి సింకులో గిన్నెలు తోమేదీ నేనే. ఆయన సాయంత్రాలు చైర్మన్‌గారితో కలిసి నడకకి వెళ్తారు. "నాలుగు పనులు కావాలంటే మాట్లాడుకోవాలి కదా" అంటారు.

అయినా ఇదంతా ఈడ్చుకొస్తున్నానంటే మా వార్డులోని వృద్ధుల పగటి కేంద్రం వల్లే. పెద్దవాళ్ళని పొద్దున అక్కడ దింపి, సాయంత్రం తెచ్చుకుంటాం. మా అత్తయ్య ఒకరు పట్టుకోనిదే లేవలేదు. ఇంట్లో ఉంటే నిమిషానికోసారి పిలుస్తుంది. అక్కడ ఆవిడకో పేకాట జట్టుంది. "ఇంట్లో నేనో ముసలమ్మని, అక్కడ నాతో ఆడాలంటే ఒక్కొక్కడికీ గుండెలు జారిపోతాయే" అని ఆటోలోంచి దిగుతూ నవ్వుతుంది. ఆవిడ నవ్వగా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

పోయిన ఆదివారం బడి హాల్లో మా వార్డు సమావేశం. నేను కుర్చీలు వేస్తుండగానే మా వీధి టైలరమ్మ వచ్చింది. కేంద్రం తలుపు మీద అంటించిన నోటీసు చించి తెచ్చింది. కేంద్రాన్ని మూసివేయడానికి కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించిందని అందులో ఉంది.

"మీరూ ఒప్పుకున్నారటగా వదినా?" అంది.

"నేనా? అసలు ఆ మాటే సభలో రాలేదు."

"మరి ఏకగ్రీవం అంటే ఏంటి? మా నాన్నకి ఇల్లు గుర్తుండదని తెలుసుగా మీకు. ఆయన వెనక తిరగనా, మిషను తొక్కనా? మనూళ్ళో ఆడదాన్ని గెలిపించుకున్నాం, మన బాధ తెలుస్తుంది అనుకున్నాం."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. హాల్లో ఆడవాళ్ళందరూ నా వంకే చూస్తుంటే, ఆ నోటీసు మడిచి నా సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు కౌన్సిల్ క్లర్కుని అడిగాను. పాపం, అతను దాచుకోవాల్సిందేదో ఉందని కూడా అనుకోలేదు. "అది మీరు టీకి లేచాక అయిందండీ. వీధి దీపాలదీ అంతేగా, మార్కెట్లో ఆడవాళ్ళ మరుగుదొడ్లదీ అంతేగా. ఎప్పుడూ అలాగేగా" అన్నాడు. వచ్చే సభలో సభ్యులందరూ సంతకాలు పెడితే అమల్లోకి వస్తుందన్నాడు. ఎవరికి పంచదార ఎక్కువో, ఎవరికి అసలు వద్దో నాలుగేళ్ళుగా గుర్తుపెట్టుకున్న బుర్రకి ఈ సంగతి ఎలా తట్టలేదో!

ఇంటికొచ్చి మావారికి చెప్పాను. ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"తెలుసు. చైర్మన్ నాతో ముందే అన్నాడు. మాకేం అభ్యంతరం లేదన్నాను."

"మాకు అంటే?"

"మన ఇంటికి. అమ్మని చూసుకోవడానికి నువ్వున్నావుగా."

"నేను మెంబర్ని కదండీ."

"మెంబరైతే? కోడలివి కాకుండా పోయావా?"

కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. కోపానికీ ఓపిక కావాలి కదా. లోపలి గదిలోంచి అత్తయ్య పిలిచింది. వెళ్ళి దుప్పటి సర్దబోతే నా చెయ్యి పట్టుకుని, "అంతా విన్నాను" అంది. "వాడు నన్ను అడగనూ లేదు, నిన్ను అడగనూ లేదు. నా పేరు చెప్పి మూయిస్తే మాత్రం నేను ఊరుకోనే." ఊరుకోక ఏం చేస్తుంది, లేచి కూర్చోవడానికే నేను కావాలి. కానీ ఈ ఇంట్లో ఇన్నేళ్ళకి నా పక్కన ఒకరు మాట్లాడారు. దుప్పటి సర్దడం మానేసి అక్కడే కాసేపు కూర్చున్నాను.

ఇవాళ సభ. పోయిన సభ తీర్మానాలకి సంతకాలు పెట్టడమే మొదటి పని. చైర్మన్‌గారు అందరినీ పలకరించి కూర్చుంటూ, "ఇవాళ ముందే టీ కానిచ్చేద్దాం చెల్లెమ్మా" అన్నారు. నా కాళ్ళు వాటంతటవే లేచాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని మళ్ళీ కూర్చున్నాను.

"కేంద్రం మూసే తీర్మానం ఏకగ్రీవం కాదండీ. నేను ఒప్పుకోలేదు."

"సభలో ఉన్నావు కదమ్మా, అభ్యంతరం ఉంటే అప్పుడే చెప్పాల్సింది."

"సభలో లేను. పక్క గదిలో మీకు టీ పోస్తున్నాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. చైర్మన్‌గారు కూడా నవ్వి, "ఇంత చిన్నదానికి పట్టింపేమిటి? ముందే మీవారితో చెప్పానే. ఆయన సరేనన్నారు కూడా" అన్నారు.

ఇంకెవరూ నవ్వలేదు. క్లర్కు పుస్తకం నా ముందు తెరిచిపెట్టి, సంతకం చెయ్యాల్సిన చోట వేలు ఆనించాడు. నేను పుస్తకాన్ని మెల్లగా అతనివైపే జరిపాను.

"జరిగింది జరిగినట్టు రాయండి, పెడతాను. 'మూడో వార్డు సభ్యురాలు మిగతా సభ్యులకు టీ పోయుచుండగా, ఆమె భర్త సరేనన్నందున, ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.' రాయండి."