కత్తెర జవాబు

అత్తయ్య "అమ్మాయ్!" అని ఒక్కసారే పిలిచింది. కోడలు నోరు విప్పలేదు. కత్తెర తీసి బల్ల మీద టక్కున కొట్టి, మళ్లీ సూది అందుకుంది.

అది వాళ్లిద్దరి మధ్య ఒప్పందం. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలం మొదలైన రోజే ఈ దర్జీ కోడలు మొక్కుకుంది. గుడిలో పెద్ద సిలువకు కప్పే ఊదారంగు గుడ్డ కుడుతున్నంతసేపూ నోరెత్తి మాట్లాడనని. ఎవరైనా పిలిస్తే కత్తెరతో ఒక దెబ్బ. విన్నాను, పని కాగానే వస్తాను అని దానర్థం. పరిశుద్ధమైనదంటే దేవుడి కోసం వేరు చేసి పెట్టినదని ఫాదర్ ప్రసంగంలో చెప్పారు. ఆయన చెప్పడమే ఆలస్యం, ఈవిడ వేరు చేయడం మొదలుపెట్టింది. సూది వేరు, దారం వేరు, కత్తెర వేరు, చివరికి కంచం కూడా వేరు. ఆ గుడ్డ మీద ఈగను వాలనిచ్చేది కాదు. వీధిలో వాళ్లు ఊరుకుంటారా? 'పరిశుద్ధమ్మ' అని పేరు పెట్టేశారు.

అత్తయ్య మాత్రం మురిసిపోయింది. "పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ దీని నోరు మూయించడం నా వల్ల కాలేదు. దేవుడు మూయించాడు చూడు!" అని కనబడినవాళ్లందరికీ చెప్పుకుంది.

మర్నాడే సిలువకు ముసుగు వేసే ఆదివారం. అంచు ఇంకా మూరెడు మిగిలి ఉంది. కోడలు తల ఎత్తకుండా కుడుతోంది. ఇంతలో గుమ్మం దాటి సన్నగా నీళ్లు గదిలోకి వచ్చాయి. గుడ్డ చివర నేల మీద జీరాడుతోంది. ఆవిడ చటుక్కున దాన్ని పైకి లాగి ఒళ్లో పోగేసుకుంది. హమ్మయ్య, తడవలేదు అనుకుంది. కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుని మిగిలిన అంచు కూడా కుట్టేసి, ముడి వేసి, దారం కొరికింది. అప్పటికి గానీ ఆ మహాతల్లికి తట్టలేదు, ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో అని.

స్నానాలగది తలుపు ఓరగా తెరిచి ఉంది. కుళాయి ధారగా పోతోంది. అత్తయ్య నేల మీద పక్కకు పడి ఉంది. ఒక కాలు మనిషి కాలు తిరగకూడని వైపుకు తిరిగి ఉంది. తల కింద నీళ్లు ఎర్రగా ఉన్నాయి. అన్నిటికన్నా కోడలిని భయపెట్టింది అత్తయ్య నోరు. మూలుగు బయటికి రాకుండా తువాలు కుక్కుకుని, పళ్లతో గట్టిగా పట్టుకుని ఉంది.

"అత్తయ్యా!" అని కోడలు వీధి దద్దరిల్లేలా అరిచింది.

అత్తయ్య తువాలు ఊసేసింది. "అయ్యో, మాట్లాడేశావేంటే!" అంది, నొప్పికన్నా ఆ బాధే ఎక్కువైనట్టు. "అంచు అయిపోయిందా లేదా?"

కోడలు కుళాయి కట్టేసి పక్కన కూలబడింది. "మళ్లీ పిలవొచ్చుగా! ఒక్క కేక వెయ్యొచ్చుగా!"

"కత్తెర చప్పుడు వినబడింది. విన్నావులే, వస్తావులే అనుకున్నా. చేతులారా నీ మొక్కు నేను చెడగొట్టనా?"

కేక విని పక్కింటి డ్రైవర్ పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, చేతుల మీద ఎత్తితే కాలు ఇంకా పాడవుతుంది. గట్టి దుప్పటేదైనా పట్రా" అన్నాడు. ఇంట్లో దుప్పట్లన్నీ ఆ స్నానాలగదిలోనే సబ్బు నీళ్లలో నానుతున్నాయి. కోడలు ముందు గదిలోకి ఉరికి, రెండు పొరలు వేసి కుట్టిన ఊదారంగు గుడ్డ తెచ్చి తడినేల మీద పరిచింది.

డ్రైవర్ నోరు తెరిచాడు. "అది సిలువది కదక్కా!"

"వద్దే, మైలపడుతుంది" అని అత్తయ్య మొత్తుకుంది.

"నోరు మూసుకుని పట్టుకో!" అని కోడలు డ్రైవర్‌ను కసిరింది. అత్తయ్యను కసరలేకపోయింది. ఊదారంగు మీద నెత్తురు కనబడలేదు. పట్టుకున్న చేతులే ఎర్రనయ్యాయి.

ఆసుపత్రిలో డాక్టరు తుంటి విరిగిందన్నాడు. తలకు కుట్లు వేశాడు. "చాలాసేపు అలాగే పడి ఉన్నట్టున్నారే. మిమ్మల్ని పిలవలేదా?" అని అడిగాడు.

"పిలిచింది."

"మరి?"

కోడలు ఆ గుడ్డ తడిసిన అంచును ఒళ్లోంచి తోసేద్దామని చూసి, తోయలేక, ముఖం అందులోనే దాచుకుంది.

ఆపరేషన్ అయ్యాక అత్తయ్యకు సగం మెలకువ వచ్చింది. ఏ రోజో, ఎక్కడుందో తెలియడం లేదు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మంచం పక్కనే కోడలు కూర్చుని ఉందని చూసింది గానీ పిలవలేదు. ఉంగరపు వేలితో మంచం ఇనుప కమ్మీ మీద మెల్లగా ఒక్క దెబ్బ కొట్టింది.

కోడలు ఉలిక్కిపడి లేచింది.

"ఆఁ అత్తయ్యా! ఇక్కడే ఉన్నా!" అంది, వార్డులో అందరూ తలలు తిప్పి చూసేంత గట్టిగా.