దేవుడు పిలిచిన ఆడపడుచు

ఆవకాయకి కొట్టించిన మామిడి ముక్కల్ని ప్రమీలారాణి పాత చీర గుడ్డతో తుడుస్తోంది. ఆడపడుచు అనూహ్య సిస్టర్ల మఠంలో చేరతానని చెప్పిన దగ్గర్నుంచీ తిరువూరులోని ఆ ఇంటికి వచ్చేపోయే జనం ఆగడం లేదు. విస్సన్నపేట చుట్టాలైతే సంచులతో సహా దిగారు. అందరికీ టీలూ టిఫిన్లూ ప్రమీలే.

"దేవుడు పిలిచిన పిల్ల! నా కడుపు పండింది," అని హాల్లో అత్తగారు జోజమ్మ కళ్లొత్తుకుంటోంది.

ఆ మాట విన్నప్పుడల్లా ప్రమీలకి ఒళ్లు మండిపోతోంది, ఆ వెంటనే తన అసూయకి తనకే సిగ్గేస్తోంది. ఇంటర్ చదివేటప్పుడు సిస్టర్ల హాస్టల్లో ఉండి తనూ ఇదే కోరుకుంది. "సంబంధం కుదిరాక ఇదేం పిచ్చే?" అని నాన్న నోరు మూయించాడు. మొన్న ఆ సంగతి చెబితే భర్త బాలశౌరి పగలబడి నవ్వాడు. "నిన్ను చేర్చుకున్నా వంటకే పెట్టేవాళ్లులే!" తను కోరుకున్నదల్లా పొద్దున్నే లేచి ఎవరూ కేకెయ్యని చోట కళ్లు మూసుకు కూర్చోవడం! దాన్ని దేవుడు ఈ పిల్లకే ఎందుకిచ్చాడు? అడిగిందల్లా దొరికే పిల్లకే?

అనూహ్య వచ్చి పక్కన కూర్చుంది.

"అందరూ అడిగారు, నువ్వే అడగలేదు వదినా, ఎందుకెళ్తున్నావని."

"దేవుడు పిలిచాడుగా."

"ప్రార్థనంటే ఇష్టమే. కానీ మొన్న వినగడప నుంచి పెళ్లి సంబంధం వచ్చినప్పుడు నువ్వే గుర్తొచ్చావు. జ్వరంతో వణుకుతూ అన్నయ్యకి చపాతీలు చేశావే, ఆ రోజు. పెళ్లంటే ఏంటో నిన్ను చూసే తెలుసుకున్నా. నీలా బతకలేను వదినా."

ప్రమీల చెయ్యి ఆగిపోయింది. తన బతుకు చూసి భయపడి, తను కోరుకున్న చోటికే వెళ్తోందన్నమాట!

"అన్నీ చూశావుగా. ఆ రోజు ఒక్క చపాతీ అయినా నువ్వు చెయ్యలేదేం అనూ?"

అనూహ్య తలొంచుకుంది.

అంతలో హాల్లోంచి జోజమ్మ కేక. "ప్రమీలా! ఆదివారం పూజలో అనూహ్యతో పాటు కుటుంబమంతా ముందు నిలబడాలన్నారు ఫాదర్ గారు. నువ్వింట్లో ఉండి భోజనాల సంగతి చూసుకో."

"నేనూ గుడికొస్తున్నానత్తయ్యా," అంది ప్రమీల, హాల్లో అందరికీ వినిపించేలా. "భోజనాలు హోటల్‌కి చెప్పండి."

ఆడపడుచు మీద అసూయ ఆమెలో ఇంకా అలాగే ఉంది. దానికి సిగ్గుపడటం మాత్రం మానేసింది.