ఎర్రబడ్డ గిన్నె

పట్టకారుతో గింజంత గిన్నెను ఎత్తి ఫర్నేస్ లోపలి తక్కెడ కొక్కేనికి తగిలిస్తూ కొలిమి అక్క ఊపిరి బిగబట్టింది. ఊపిరి సోకినా ఆ తక్కెడ తప్పు చూపిస్తుంది. పొద్దస్తమానం ల్యాబులో ఫర్నేస్ దగ్గరే ఉంటుందని అందరూ ఆమెకు పెట్టిన పేరు కొలిమి అక్క. గిన్నెలో చిటికెడు నల్లపొడి. చూపుకు మసిలా ఉన్నా అవన్నీ కార్బన్ నానోట్యూబులు, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి గొట్టాలు. వాటిని పెంచిన మాస్టారు ఆసుపత్రిలో ఉన్నారు. ఈ చిటికెడే మిగిలింది.

ఎంత వేడికైనా తన గొట్టాలు చెదరవని మాస్టారు ఏళ్లుగా వాదిస్తున్నారు. నమ్మినవాళ్లు తక్కువ. గాలి తగిలితే బొగ్గులా కాలిపోతాయి కాబట్టి నైట్రోజన్‌లో వేడిచేసి, తర్వాత మైక్రోస్కోప్ కింద చూస్తే తేలిపోతుంది. ఆ పని ఆయన ఏరికోరి ఈమెకే అప్పజెప్పారు. ఇంట్లో కూర మాడని రోజు లేదని భర్త ఆటపట్టిస్తాడు గానీ, ఇక్కడ ఆమె చేతిలో ఇన్నేళ్లలో ఒక్కటీ మాడలేదు.

పొద్దున మాస్టారి కూతురు ఫోన్ చేసింది. "నాన్నగారు పదేపదే అడుగుతున్నారక్కా. కాస్త త్వరగా చేస్తారా?"

నైట్రోజన్ వాల్వు తిప్పి, లోపలి గాలంతా పోయేదాకా టీ తాగుతూ కూర్చోవడం ఆమె అలవాటు. ఆ తొందరలో టీ మానేసింది. టీతోపాటు వాల్వునూ మరిచిపోయింది.

మధ్యాహ్నం ఫర్నేస్ చల్లారాక మూత తీసింది. నల్లపొడి లేదు. గొట్టాలను పెంచడానికి వాడిన ఇనుము మాత్రం తుప్పై గిన్నె అడుగున ఎర్రగా మిగిలింది. వాల్వు వైపు చూసింది. నిన్నటి పరీక్షకు తెరిచిన గాలి వాల్వు అలాగే ఉంది.

ఫోన్ మోగింది. ఈసారి మాస్టారే.

"ఏమ్మా, నిలిచాయా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ గొంతులో ఆశ విని మింగేసింది.

"నిలిచాయండి మాస్టారూ. పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి."

"నేను చెప్పలేదా!" ఆయన నవ్వబోయి దగ్గారు. "నీ చేతిలో ఏదీ మాడదమ్మా. ఆ గిన్నె కదపకు. రేపు నేనే వచ్చి చూస్తా."

వస్తే కాళ్లమీద పడి చెప్పేద్దామనుకుంది. రాలేరని ఆమెకు తెలుసు. అది తెలిసే అంత ధైర్యంగా అబద్ధమాడానని తనమీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం కూతురు మళ్లీ చేసింది. "నాన్నగారు పోయారక్కా. చివరిదాకా అదే మాట, 'నిలిచాయట' అని. నర్సుక్కూడా చెప్పారు. మీరు ఆయన్ని సంతోషంగా పంపారు."

"అదికాదమ్మా..." అని ఆగిపోయింది. అవతల ఏడుపు వినిపిస్తోంది.

రోజూలాగే మిగతా గిన్నెలన్నీ యాసిడ్‌లో శుభ్రం చేసి ఆరబెట్టింది. దీపం ఆర్పి తలుపు వేసింది. బల్లమీద గాజుమూత కింద ఆ ఒక్క గిన్నె, కడగకుండా, అడుగున కాస్త ఎర్రతుప్పుతో ఉండిపోయింది.