మడతలో గుండుసూదులు

దేవుడు రంగుని పారేసే తొక్కలోనే ఎందుకు దాచాడన్న అనుమానం, ఇంట్లోనే గుడ్డలకి రంగులద్దే రంగులమ్మకి చాలా ఏళ్లుగా ఉంది. దానిమ్మ గింజ చూస్తే కళ్లు చెదిరే ఎరుపు. కానీ ఆ ఎరుపు గుడ్డకి అంటితే నాలుగు ఉతుకులకే మొహం చాటేస్తుంది. ఎండి గట్టిపడి, నోట్లో పెడితే చేదుగా ఉండే ఆ తొక్కేమో పసుపుపచ్చ రంగిచ్చి గుడ్డని ఓ పట్టాన వదలదు. ఈ సంగతి ఒకసారి పురాణం చెప్పే పెద్దాయన్ని అడిగింది. "గింజలు తిని దండం పెట్టుకోక, తొక్కతో నీకెందుకమ్మా?" అన్నాడాయన. దండమైతే పెట్టుకుంది గానీ అనుమానం తీరలేదు.

ఆ రోజు పొయ్యి మీద స్టీలు గిన్నెలో ఆ తొక్కల నీళ్లే సన్నటి సెగ మీద కాగుతున్నాయి. అందులో ఒక నూలు శాలువా. అది డాన్సు టీచరుది, అంతకుముందు వాళ్లమ్మది. పీచు లేచిన అంచు మడిచి కుట్టమని రంగులమ్మ ఆడపడుచు కొట్లో ఇస్తే, మిషన్ నూనె కారి తెల్లటి శాలువా నడిమధ్యన మరక పడింది. మరక ఉన్నచోట ఎంత రుద్దినా ఛాయ పోలేదు. "అమ్మ గుర్తు అదొక్కటే" అని టీచరు కళ్లనీళ్లు పెట్టుకుంది. చివరికి, పసుపుపచ్చ అద్ది మరక కనపడకుండా చేస్తే సరేనంది. సాయంత్రం పిల్లల ప్రదర్శనకి అదే కప్పుకుంటానంది. ఆవిడ దగ్గర డాన్సు నేర్చుకునే పిల్లల దుస్తులన్నీ ఆ కొట్లోనే కుడతారు. ఆవిడ గానీ మొహం తిప్పుకుంటే ఆడపడుచు కొట్టుకి తాళం వేసుకోవాల్సిందే.

అందుకే ఆడపడుచు వంటింటి గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"వదినా, రంగు పట్టిందా?"

"పడుతుందమ్మా. నువ్వు గుమ్మంలో నుంచుని అయిందా అయిందా అంటే సిగ్గుపడి ఆగిపోతుంది."

"నీకేం, భారం దేవుడి మీద వేసి కర్ర తిప్పుతావు. నేనెవరి మీద వెయ్యను?"

"నా మీద వేశావుగా, చాలదూ?"

రంగులమ్మ కర్రతో శాలువా పైకెత్తింది. పసుపుపచ్చ బాగా దిగింది. నూనె మరక ఎక్కడుందో వెతికినా దొరకలేదు. అమ్మయ్య అనుకుంటూ గుడ్డని అటు తిప్పేసరికి చెయ్యి ఆగిపోయింది. అంచు పొడవునా జానెడుకొకటిగా నల్లటి చుక్కలు. ఒక్కో చుక్క చుట్టూ పొగలా పాకిన నలుపు.

మడత విప్పబోతే వేలికి చురుక్కుమని గుచ్చుకుంది. గుండుసూది.

ఆడపడుచు మొహంలో నెత్తురుచుక్క లేదు. "కుట్టేముందు మడత నిలబడాలని పెట్టాను వదినా. ఈలోగా మరక గొడవొచ్చింది. తీసేశాననే అనుకున్నాను."

"ఇనుము తగిలితే ఈ రంగు నల్లబడిపోతుందని తెలుసుగా?"

"తెలుసు. తెలిసీ నా బుద్ధి గడ్డి తింది. నిమ్మకాయ పిండితే పోదూ?"

"చుక్కతో పాటు చుట్టుపక్కల పసుపుపచ్చ కూడా పోతుంది. చుక్క ఉన్నచోట బట్టతల మిగులుతుంది."

నవ్వే ఓపిక ఇద్దరికీ లేదు. ఆడపడుచు టీచరుకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

రంగులమ్మ బాల్కనీలోంచి ఒక సీసా తెచ్చింది. తుప్పు మేకులు బెల్లం నీళ్లలో వేసి ఊరబెట్టిన నలుపు నీళ్లు.

"చుక్కల్ని తెల్లబరచలేం. మొత్తాన్ని చుక్కలతో సమానం చెయ్యాలి."

"ఆవిడ పసుపుపచ్చ అడిగింది!"

"చుక్కలు అడగలేదుగా."

అనేసింది గానీ ఆమెకీ భయంగానే ఉంది. ఈ నీళ్లు ఘాటైతే నూలుని కొరికేస్తాయి, అందులోనూ పాత గుడ్డ. పల్చనైతే చుక్కలు చుక్కల్లాగే ఉండిపోతాయి. సూదులన్నీ ఏరి పక్కన పెట్టింది. బకెట్టులో చన్నీళ్లు పోసి, సీసాలోది కొంచెం కొంచెంగా వంచుతూ ముందు చేతిరుమాలు ముక్క ముంచి చూసింది. ఇంకాస్త వంచింది. రంగు కోసం దేవుణ్ణి పిలవడం ఆమెకి అలవాటు లేదు. ఆయనకి అంతకంటే పెద్ద పనులుంటాయని ఆమె నమ్మకం. ఇప్పుడు మాత్రం పెదవులు వాటంతటవే కదిలాయి.

శాలువా ముంచింది. పసుపుపచ్చ చూస్తుండగానే మసకబారింది.

తలుపు గంట మోగింది.

"ఆవిడే," అంది ఆడపడుచు. "ఫోన్ చూసుకుని నేరుగా ఇక్కడికే వచ్చేసినట్టుంది."

"వెళ్లి కూర్చోబెట్టు. మంచినీళ్లివ్వు. అబద్ధం మాత్రం చెప్పకు."

రంగులమ్మ గుడ్డని ఆపకుండా తిప్పుతూనే ఉంది. ఆపితే చారలు పడతాయి. ముందు గదిలో కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. గుడ్డ తీసి రెండుసార్లు జాడించి, పిండి, వెలుతురుకి పట్టింది. వానమబ్బు రంగు. అంచూ నడుమా ఒకేలా ఉన్నాయి. రెండు చేతుల్తో లాగి చూసింది. నూలు గట్టిగానే ఉంది.

అలాగే తడిగా పట్టుకుని ముందు గదిలోకి వెళ్లింది.

టీచరు లేచి నుంచుంది. "ఇదేంటి?"

"గుండుసూదులు తగిలి నల్లచుక్కలు పడ్డాయమ్మా. వాటిని కప్పడానికి మొత్తం ఈ రంగులోకి దించాల్సి వచ్చింది. మీకు ఫోన్ చేశాం, అందలేదు."

"సూదులా? ఎవరి నిర్వాకం ఇది?"

ఆడపడుచు పెదవులు విడివడ్డాయి. రంగులమ్మ అడ్డం వచ్చింది. "చూసుకోవాల్సినదాన్ని నేను. మడత విప్పి చూడకుండా గిన్నెలో వేసేశాను."

అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. ఇలాంటి మాటని దేవుడు ఏ గంపలో వేస్తాడో ఆమెకి తెలియదు.

"వదినా, అది కాదు..."

"నువ్వుండు."

టీచరు శాలువా అందుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. మడతలు విప్పింది, వేలితో అంచంతా తడిమింది. "అమ్మ ఎప్పుడూ ఈ రంగు కట్టలేదు," అంది. ఆ తర్వాత రంగులమ్మ వైపు తిరిగింది. "వీధి వీధంతా మిమ్మల్ని మెచ్చుకుంటుంటే నమ్మాను. ఇక మీ వంటింటి రంగులు నాకొద్దు. పదిమంది అడిగినా ఇదే చెప్తాను."

"అలాగేనమ్మా."

"నువ్వు దీని అంచు ఇక్కడే చేత్తో కుట్టి, ఇస్త్రీతో ఆరబెట్టి ఇవ్వు," అంది ఆడపడుచుతో. "పిల్లల కొలతలకి రేపు కబురు పెడతాను."

ఆ పని అయ్యాక ఆవిడ మెట్లు దిగి వెళ్లింది. తర్వాత ఆడపడుచు విరుచుకుపడింది. "ఎందుకు నెత్తినేసుకున్నావు? రంగులమ్మ అన్న పేరు కాస్తా గంగలో కలిసింది!"

"నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారి కళ్లజోడు విరిగింది. గుర్తుందా?"

ఆడపడుచు కనుబొమలు ముడిచింది. ఆనక ఫక్కున నవ్వింది. "నువ్వే కదా దాని మీద కూర్చున్నావు! నేనే విరగ్గొట్టానని చెప్పి అమ్మ చేత వీపు వాయగొట్టించుకున్నాను. రెండు జడలప్పటి మాట, ఇంకా మోస్తున్నావా?"

"ఏడుస్తూ కూడా నా పేరు చెప్పలేదు నువ్వు. ఆ దెబ్బలు నాకు బాకీ ఉండిపోయాయి."

"మరి ఇన్నేళ్ల వడ్డీయో?"

"వడ్డీ కింద ఆ గిన్నె నేనే తోముకుంటాలే. నువ్వెళ్లి కొట్టు తెరుచుకో."