నట్టు మీద పసుపు గీత

స్టీరింగు మేస్త్రి బండి కింద వెల్లకిలా పడుకుని, “ఎడమకి, చివరిదాకా” అన్నాడు. పైన సీట్లో కూర్చున్న మేనల్లుడు తిప్పాడు. నడుమెత్తు టైర్లు రెండూ నేలను రాసుకుంటూ ఎడమకు తిరిగాయి. ఇరుసు మీద బిగించిన ‘ఆయిలు రాము’ అనే గొట్టం, చూడటానికి లావుపాటి సైకిలు పంపులాంటిది, లోపలి కడ్డీని మెల్లగా బయటికి చాచింది. కడ్డీ పూర్తిగా బయటికి రాకముందే చక్రాలు ఆగాలి. ఆగాయి. “ఇప్పుడు కుడికి” అంటుండగానే అతనికి నిన్నటి బండి గుర్తొచ్చింది. పొద్దుటినుంచి ఇది నాలుగోసారి.

కొండమీది ఊళ్లకు నర్సమ్మనూ మందుల పెట్టెలనూ తీసుకెళ్లే బండి అది. పెద్ద టైర్లు వేయించుకున్నాక, రాయి తగిలినప్పుడల్లా స్టీరింగు చేతుల్లోంచి ఊడిపోతోందని డ్రైవరు మొత్తుకుంటే, ఆయిలు బలం తోడుండే రాము వేసి నిన్న సాయంత్రమే పంపాడు. అన్నీ బిగించాడు. రాము చివరను స్టీరింగు కడ్డీకి పట్టి ఉంచే ఆ ఒక్క నట్టు సంగతే గుర్తు రావడం లేదు. సరిగ్గా అప్పుడే భార్య ఫోను చేసింది, నీళ్ల మోటారు తిరగడం లేదని. లేచి మాట్లాడాడు. మళ్లీ వచ్చి పడుకున్నాడు. ఆ తర్వాతదంతా ఖాళీ.

ఈ మధ్య ఇలాంటి ఖాళీలు ఎక్కువయ్యాయి. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకడం ఎవరికైనా ఉండేదే. కానీ మొన్న పాత ఆయిలు తీసేసిన బండికి కొత్తది పోయకుండానే మూత పెట్టబోయాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పదహారేళ్లప్పుడు ట్రాక్టర్ల షెడ్డులో చేరిన వారానికే స్టీరింగు ఎదురుతన్ని అతని ఎడమ బొటనవేలు విరిచింది. ఆ వేలు ఇప్పటికీ వంకరే. అందరూ అతన్ని పనిమంతుడంటారు గానీ, నిజానికి భయస్తుడు. తర్వాత బావ షెడ్డు పెడితే ఇక్కడికొచ్చాడు, బావ పోయాక మేనల్లుడి దగ్గర ఉండిపోయాడు. నలభై రెండేళ్లలో చెప్పుకోదగ్గ ఘనకార్యం ఒక్కటీ లేదు. అతను చేసిన బండ్లు తిన్నగా వెళ్లాయి, తిన్నగా వచ్చాయి.

ఆ భయంలోంచి వచ్చిందే పసుపు గీత. నట్టు బిగించాక దాని మీదినుంచి బోల్టు మీదికి రంగు పెన్నుతో ఒక గీత గీస్తాడు. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత రెండు ముక్కలవుతుంది. బిగించకుండా గీయడం అతని ఇంటా వంటా లేదు.

పదకొండింటికి ఆ డ్రైవరుకు చేద్దామని మళ్లీ ఫోను తీశాడు.

“ఎన్నిసార్లు చేస్తావు మావయ్యా? కొండమీద సిగ్నలుండదుగా” అన్నాడు మేనల్లుడు.

“ఎన్నింటికి దిగుతారు?”

“నాలుగింటికి. ఏం, ఏమైంది?”

“ఏం లేదు. ఊరికే.”

చెబితే మేనల్లుడు ఆ నిమిషమే ఇంకో బండి వెనకాల పంపేవాడు. ఆ సంగతి మేస్త్రికీ తెలుసు. రెండుసార్లు దగ్గరిదాకా వెళ్లి, ఒకసారి స్పానరు అడిగాడు, ఒకసారి టీ తాగావా అన్నాడు. సిగ్గు చెప్పనివ్వలేదు. ఆ డ్రైవరు వల్ల భయం ఇంకాస్త పెరిగింది. అతన్ని అందరూ ‘నిదానం’ అని పిలుస్తారు, ఆ ముక్క అతని దగ్గర మచ్చుకైనా లేదు కనుక. క్యారియరు మూత తీయకుండానే మధ్యాహ్నం గడిచింది. నాలుగు దాటింది. మేస్త్రి కాలుగాలిన పిల్లిలా గేటుకూ బల్లకూ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

నాలుగున్నరకు బండి వచ్చింది. నర్సమ్మ దిగి చీర మీది దుమ్ము దులుపుకుంటూ కుళాయి దగ్గరికి వెళ్లింది. నిదానం నవ్వుతూ దిగాడు.

“మేస్త్రీ, ఒంటిచేత్తో తిప్పానంటే నమ్ము. ఆ రాళ్ల మలుపులో కూడా.”

మేస్త్రి బండి కిందికి దూరాడు. టార్చి వేశాడు. బురద తుడిచాడు. గీత ఉంది. ఒక్క ముక్కగా, తిన్నగా ఉంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పగలంతా తనను తాను తిట్టుకున్నందుకు నవ్వు కూడా వచ్చింది.

అలవాటుకొద్దీ స్పానరు తగిలించాడు. నట్టు తిరిగింది. పెద్దగా బలం పెట్టకుండానే ఒక చుట్టు, ఆపైన మరో అర చుట్టు తిరిగింది. లోపలి ప్లాస్టిక్ రింగు పట్టుకుని ఉండబట్టి ఉన్నచోట ఉందే గానీ, బిగువన్నది లేదు. అంటే నిన్న బిగించలేదు. గీత మాత్రం గీశాడు.

 నట్టును ఇక కదలనంతవరకూ బిగించి బయటికొచ్చాడు.

“నిన్న ఆ నట్టు బిగించలేదురా” అన్నాడు మేనల్లుడితో. “బిగించినట్టు గీత గీశాను.”

“పోనీలే మావయ్యా. ఏం కాలేదుగా.”

“పొద్దున్నే అనుమానమొచ్చింది. నీకు చెప్పలేదు.”

మేనల్లుడు కుళాయి దగ్గరున్న నర్సమ్మ వైపు చూశాడు. 

“ఇప్పుడు బిగించాను. నువ్వూ ఒకసారి చూసుకో. కొత్త గీత నువ్వే గీయి.” చేతులు తుడుచుకుంటూ, “రేపటినుంచి నేను రాను” అన్నాడు మేస్త్రి.

తెరవని క్యారియరు పట్టుకుని, రోజూ వెళ్లే దారినే వెళ్లిపోయాడు. మేనల్లుడు స్పానరుతో ఆ నట్టును పరీక్షించి, గీత గీయడానికి బల్ల దగ్గరికి వచ్చాడు. పసుపు పెన్ను అక్కడే ఉంది. బొటనవేలు ఆనేచోట అరిగి, మూత గట్టిగా బిగించి ఉంది.