తులసి ఎక్కించిన అంకె

అప్పలరాజు కారు కొన్న ఏడాదికి ఫిల్టరు దీపం మొదటిసారి వెలిగింది. వర్క్‌షాపువాళ్ళు బాగు చేసి ఇచ్చారు. నెల తిరక్కుండా మళ్ళీ వెలిగింది. డీజిల్ పొగలోని మసిని పట్టుకోవడానికి కారు కింద ఒక ఫిల్టరు ఉంటుందని, అది నిండితే ఇంజనే అదనంగా డీజిల్ పోసి ఆ మసిని కాల్చేస్తుందని మెకానిక్ చెప్పాడు. హైవే మీద స్పీడుగా పోయినప్పుడే ఆ కాల్చడం జరుగుతుందని కూడా చెప్పాడు.

అప్పలరాజు బరంపురంలో కిరాయి కారు నడుపుతాడు. స్టేషన్ నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి బస్టాండుకి. అతని ట్రిప్పుల్లో హైవే తక్కువ. అందుకని ఒక గేజు తెప్పించాడు. స్టీరింగ్ కింద ఉన్న సాకెట్లో దాని తీగ గుచ్చితే, డాష్‌బోర్డు మీది చిన్న తెరపై ఇంజను లోపలి అంకెలు కనిపిస్తాయి. స్పీడు, ఇంజను నీళ్ళ వేడి అందులో ముందే ఉన్నాయి. ఫిల్టరులో మసి ఎంత శాతం, ఫిల్టరు వేడి ఎంత అన్నవి లేవు. అవి కావాలంటే కొన్నవాళ్ళే ఎక్కించుకోవాలి. కారుని ఏమని అడగాలి, అది ఇచ్చిన జవాబులో ఏ ముక్క తీసుకోవాలి, దాన్ని ఎంతతో భాగించాలి, ఎంత తీసెయ్యాలి, అన్నీ కోడ్ల రూపంలో నొక్కాలి.

మసి శాతం అప్పలరాజు ఎక్కించాడు. వేడి అతని భార్య తులసి ఎక్కించింది. హల్దియాపదర్‌లో ఇంటి ముందు కారులో కూర్చుని అతను ఫోన్లో చూసి చదివాడు, ఆమె బటన్లు నొక్కింది. అయ్యాక తెర మీద 2160 అని వచ్చింది.

"రెండు వేలేటే? ఇనుం కరిగి రోడ్డు మీద పారిపోవాల. ఏటి కొట్టినావు?" అన్నాడు అప్పలరాజు.

"నువ్వు సదివిందే కొట్టినాను."

"పదితో బాగించమన్నాను."

"అన్నేదు మావా."

"అన్నాను. నీ సెవి పక్కింటోళ్ళ టీవీ కాడుంది."

తులసి మళ్ళీ లోపలికి వెళ్ళి భాగించే చోట పది పెట్టింది. 2160 పోయి 180 వచ్చింది. అది సరైన అంకే. కాని ఆ రోజు నుంచి అప్పలరాజు దాన్ని తులసి లెక్క అనేవాడు. స్టాండులో తోటి డ్రైవర్లకి కూడా చెప్పి నవ్వించాడు. గేజులో ఏది తేడాగా కనిపించినా తప్పు ఆ అంకెదే అని అందరికీ తెలిసిపోయింది. తులసికి కూడా తన అంకె మీద నమ్మకం కుదరలేదు.

వైశాఖంలో అప్పలరాజు తల్లి కూర్మమ్మ ఎండుచేపల బుట్టతో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. తుంటి నుంచి మడమ దాకా కట్టు కట్టారు. ఇంటికి పంపిన రోజున ఆమె కొడుకింటికి రానంది. చమఖండిలో తన ఇంటికే పోతానంది.

వెనక సీటు మీద ఆమెని అడ్డంగా పడుకోబెట్టారు. వీపుకి దిండ్లు పెట్టారు. కట్టిన కాలు చాచితే మడమ అవతలి తలుపుకి తగిలింది. మోకాలి దగ్గర కట్టు ముందు సీటుకి ఆనింది. తులసి ముందు కూర్చుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక బయల్దేరారు.

హైవే ఎక్కేసరికి మసి 81 శాతం ఉంది. కొంత దూరం పోయాక ఆ అంకె తగ్గడం మొదలైంది.

"సూసినావా? నా అంకె దిగతంది. మెకానిక్ సెప్పింది నిజమే. కాలతంది," అన్నాడు అప్పలరాజు.

"మరి ఇదేటి మావా? ఐదొందల తొంబై అంతంది."

"నీ లెక్క మళ్ళా సెడింది. ఐదొందల తొంబైకి కారే ఉండదు. ఇంజను నీళ్ళు సూడు, తొంబై రెండు. బాగానే ఉంది."

"ఏటర్రా గొడవ?" అంది వెనకనుంచి కూర్మమ్మ.

"నీ కోడలు కారుకి జొరం సూస్తంది."

"నాకు సూడమను. ఒళ్ళు కాలిపోతంది. ఆ సల్లగాలి ఇంకా పెట్టు."

ఛత్రపురం దాటి చమఖండి వైపు తిరిగేటప్పటికి తులసి అంకె 612 అయింది.

సిమెంటు రోడ్డు సరుగుడు తోట దగ్గర అయిపోయింది. తోట దాటితే ఇసక మైదానం, దాని చివర ఇళ్ళు. అవి సముద్రంలో వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి, వలలన్నీ నేల మీద ఉన్నాయి. మైదానం ఈ చివర నుంచి ఆ చివర దాకా వలలు పరిచి ఉన్నాయి. ముగ్గురు మగవాళ్ళు కూర్చుని చిరుగులు కుట్టుకుంటున్నారు. వాళ్ళలో పెద్దవాడు కొండలు. కూర్మమ్మకి మరిది వరస. అతను లేచి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ఆపీ, ఆపీ. వల మీంచి సక్రం ఎల్లకూడదు."

చక్రం తొక్కిన వలకి చేప పడదని ఆ ఊళ్ళో నమ్మకం. అప్పలరాజు అక్కడ పుట్టినవాడే. అతను వాదించలేదు.

"సుట్టూ దారి నేదేటి బాబాయ్?"

"నేదు. తోటలో పెట్టీ. మంచం తెచ్చి మోసీద్దాం మా వదిన్ని, పెళ్ళికూతురి లాగ."

"నా పెళ్లిలో నువ్వు మోసింది పప్పు గిన్నే కదరా. బేగి తెండి," అంది కూర్మమ్మ.

అప్పలరాజు కారుని చెట్ల మధ్యకి పోనిచ్చి, ముక్కు మైదానం వైపు ఉండేలా ఆపాడు. ఇంజను ఆపలేదు. తల్లికి ఏసీ కావాలి. మంచం మొయ్యడానికి నలుగురు కావాలి కాబట్టి కొండలుతో పాటు మిగిలిన ఇద్దరూ లేచారు. చెప్పులు చేత్తో పట్టుకుని నలుగురూ వలల అంచు వెంట ఇళ్ళ వైపు వెళ్ళారు. తోటలో ఇంకెవరూ లేరు.

తులసి గేజు చూసింది. 615. స్పీడు సున్నా.

బండి ఆగాక కాలడం ఆగుతుందని అప్పలరాజు ఎప్పుడూ అంటాడు. అలాగైతే ఈ అంకె దిగాలి. దిగలేదు. తప్పు అంకె కాబట్టి దిగలేదేమో అనుకుంది. సెట్టింగులోకి వెళ్ళి చూసింది. భాగించే చోట పది ఉంది. తీసెయ్యాల్సింది నలభై ఉంది. అన్నీ ఉన్నాయి. వెనక్కి వచ్చింది. 618.

అప్పుడు పక్కనున్న అంకె చూసింది. మసి శాతం. ఆగినప్పుడు అది 58. ఇప్పుడు 57. ఆమె చూస్తుండగానే 56 అయింది.

అది అప్పలరాజు ఎక్కించిన అంకె. అది ఎప్పుడూ తప్పలేదు. మసి తగ్గుతోందంటే కాలుతోంది. కారు ఆగి ఉంది, అయినా లోపల కాలుతోంది. కాలుతూ ఉంటే వేడి ఉంటుంది. ఎంత వేడి ఉందో చెబుతున్నది తన అంకె.

తులసి తలుపు తీసి కిందికి చూసింది. కారు ఆగింది ఇసక మీద కాదు. ఎండిన సరుగుడు ఆకు మీద. అడుగు పెడితే పాదం దిగిపోయింది. చక్రాలు కూరుకుపోయి, కారు అడుగు భాగం ఆకుని తాకుతోంది. వంగి చూడబోతే చెంపకి వేడి కొట్టింది. పొయ్యి మూతి దగ్గర వంగినట్టుంది.

చెయ్యి చాపి తాళం వెనక్కి తిప్పి ఇంజను ఆపింది. తెర వెలుగుతూనే ఉంది. 618 కాస్తా 627 అయింది. ఆపితే దిగుతుందనుకుంది. ఎక్కుతోంది. 634.

"ఏటే, గాలి ఆపీసినావు?"

"అత్తా, దిగాల. బండి కింద కాలతంది."

"ఏటి కాలతంది?"

"ఆకు అంటుకుంటాది. నా అంకె నిజమే."

"నీ అంకె తప్పని నా కొడుకు ఊరంతా సెప్పినాడు కదే."

తులసి వెనక తలుపు తీసి కూర్మమ్మ చంకల కింద చేతులు వేసి లాగింది. కట్టిన కాలు ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య ఇరుక్కుంది. కూర్మమ్మ కేక పెట్టింది. తులసి మళ్ళీ లాగింది. ఈసారి కూర్మమ్మ ఆమె జుట్టు పట్టుకుంది.

"సంపీకే! రాడ్డు ఇరిగిపోద్ది! ఒదిలీ!"

తులసి వదిలేసింది. ఇళ్ళ వైపు చూసి పిలిచింది. "మావా!" గాలి సముద్రం నుంచి వస్తోంది. ఆమె గొంతు తోటలోకే వెళ్ళింది. మైదానం అవతల మనుషులు కనిపించలేదు.

అప్పుడు పొగ కనిపించింది. కారు మధ్యలోంచి, తలుపు కింద నుంచి వచ్చింది. అగరొత్తి పొగంత ఉంది. కూర్మమ్మకి కూడా వాసన తగిలింది. ఆమె నోరు తెరిచి తులసి ముఖం చూసింది. కేకలు ఆగిపోయాయి.

తులసి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఆమెకి డ్రైవింగు రాదు. ఇంటి పక్క ఖాళీ జాగాలో అప్పలరాజు మొదటి గేరులో ముందుకి పోనివ్వడం నేర్పాడు. రివర్సు నేర్పలేదు. వెనక ఆకు, అటూ ఇటూ చెట్లు. ముందు ఇసక. ఇసక మీద వలలు.

"ఎటు తీస్తావే?"

"ముందుకి."

"వల మీదికా?" కూర్మమ్మ సీటు పట్టుకుని లేవబోయింది. "వొద్దే! ఆళ్ళ తిండి మీద సక్రం ఎక్కించీకు. నన్నొగ్గేసి ఎల్లిపో. నువ్వు ఎల్లిపో తల్లీ."

తాళం తిప్పింది. క్లచ్చి వదిలింది. కారు గెంతి ఆగిపోయింది. పొగ కిటికీ ఎత్తుకి వచ్చింది. రెండోసారి తిప్పేటప్పుడు ఆమె కాలు పెడల్ మీద ఆగలేదు. మోకాలిని ఎడమ చేత్తో అదిమి పట్టుకుని క్లచ్చి తొక్కింది. ఇంజను పట్టుకుంది. చక్రాలు ఆకులో తిరిగాయి, పట్టు దొరికింది, కారు ముందుకి ఉరికింది. వెనక అద్దంలో మంట కనిపించింది. కారు ఆగిన చోట, మోకాలెత్తు.

మొదటి వల చక్రం కింద పడింది. రెండో వల లేచి బంపరుకి చుట్టుకుంది. ఏదో తెగిన శబ్దం వచ్చింది. వెనక కూర్మమ్మ గంగమ్మని పిలుస్తోంది. నైలాను కాలే వాసన కారులోకి వచ్చింది. ఇక్కడ ఆగితే వలలు అంటుకుంటాయని తులసికి తెలుసు. ఆగలేదు. మొదటి గేరులోనే, ఇంజను అరుస్తుండగా, మూడో వల, నాలుగో వల దాటింది. వట్టి ఇసక వచ్చాక కాలు తీసింది. కారు ఇసకలో దిగబడి ఆగింది.

మంచం మోసుకొస్తున్న నలుగురూ అది చూశారు. మంచం పడేసి పరిగెత్తారు. అప్పలరాజు ముందు తల్లి తలుపు తీశాడు. నలుగురూ కలిసి ముందు సీటు జరిపి, కాలు కదలకుండా ఆమెని పైకెత్తి, తెచ్చి వేసిన మంచం మీదికి దించారు. ఆ తరవాతే తోటలో మంట వాళ్ళ కళ్ళబడింది. ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. మగవాళ్ళు పచ్చికొమ్మలు విరిచి కొట్టారు, ఇసక పోశారు. గాలి తిరగలేదు కాబట్టి మంట వలల వైపు రాలేదు, తోటలో కొంత కాలి ఆరింది.

కొండలు తిరిగొచ్చేసరికి చేతులు మసి. తెగిన వల ముక్క ఎత్తి చూశాడు. నైలాను కరిగి ముద్ద కట్టింది.

"ఎవలు ఎక్కించమన్నారు బండిని?" అన్నాడు. తులసి వైపే చూస్తున్నాడు. "నోరు నేదేటి? అరవచ్చు కదా?"

తులసి ఇంకా స్టీరింగ్ వదల్లేదు.

"నానే ఎక్కించమన్నాను," అంది మంచం మీదనుంచి కూర్మమ్మ. "ఏటి, సచ్చిపోమంటావా? వల మళ్ళా అల్లుకోవచ్చు, వదిన్ని అల్లుతావేట్రా?"

"నువ్వా?"

"నానే. ఆ గుంట వొద్దు వొద్దంటే నానే ఎక్కించీమన్నాను. అడుగు దాన్ని."

కొండలు తులసిని అడగలేదు. చేతిలో వల ముక్కని భుజాన వేసుకుని మంచం కాలు పట్టుకున్నాడు. కూర్మమ్మ తులసి వైపు చూడలేదు. నలుగురూ ఆమెని ఎత్తుకుని ఇళ్ళ వైపు నడిచారు.

తల్లిని దించి వచ్చి అప్పలరాజు కారు చుట్టూ తిరిగాడు. బంపరు కింద, చక్రానికి, సైలెన్సరు మీద వల చుట్టుకుని ఉంది. జేబులోంచి కత్తి తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెయ్యి కిందికి పెట్టబోయాడు.

"మావా, సెయ్యెట్టకు," అంది తులసి.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తులసి కూర్చున్న వైపు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తెర తనకీ కనిపిస్తుంది. చూడలేదు.

"ఎంతుందే?" అని అడిగాడు.

తులసి అంకె చదివింది.

"నాలుగొందల డెబ్బై."

అతను కత్తి మడిచి జేబులో పెట్టుకుని ఇసకలో కూర్చున్నాడు.